మిల్ రోడ్డు అవతల నీళ్ళు

"నీళ్ళ గొట్టం ఎక్కడ ఆగుతుందో, ఊరు అక్కడే ఆగుతుంది!" అని మా క్వేల్ హాలో నీటి బోర్డు ఛైర్మన్ లోవెల్ హాస్కెట్ గారు ప్రకటించిన రోజున హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి జనం మా కొండల మీదికి ఎగబడి ఇళ్ళు కట్టేస్తున్న రోజులవి. ఇకమీదట మిల్ రోడ్డు దాటి ఒక్క కనెక్షన్ కూడా ఇవ్వరు. నీళ్ళు లేకపోతే ఇళ్ళు లేవు, ఇళ్ళు లేకపోతే జనం లేరు. ఇంత సులువైన ఉపాయం అంతకుముందు ఎవరికీ తట్టకపోవడం మా దురదృష్టం.

మా ఇల్లు రోడ్డుకి ఇవతల. సరిగ్గా ఎదురుగా, అవతల, వెర్నా టిలట్‌సన్ ఇల్లు. ఆవిడ స్కూలు బస్సు నడిపేది. భర్త పోయి చాలాకాలమైంది. ఆ వేసవిలో బావి కూడా పోయింది.

ఛైర్మన్ గారి దగ్గరికి తోడుగా నేనూ వెళ్ళాను.

"గొట్టం మా గుమ్మం ఎదురుగానే ఉంది సార్. రోడ్డు దాటిస్తే చాలు," అంది వెర్నా.

"ఇవాళ మీకిస్తే రేపు ఊరు పెరుగుతుందమ్మా."

"నేను ఆ ఇంట్లోనే పుట్టాను. ఈ వయసులో ఇంకేం పెరుగుతాను సార్?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కూడా హద్దు దాటలేదు.

ఇక లాభం లేదని మా తోట కుళాయికి రబ్బరు పైపు తగిలించి రోడ్డు మీదుగా ఆవిడకి అందించాను. మర్నాడే ఇన్‌స్పెక్టర్ డ్వేన్ దిగాడు.

"ఇది విస్తరణ కిందికి వస్తుంది," అన్నాడు.

"మొక్కలకి కొట్టుకునే పైపయ్యా బాబూ!"

"నీళ్ళు పారితే గొట్టమే." చుట్ట చుట్టి జీపులో వేసుకుపోయాడు.

తర్వాత బకెట్లతో మోశాం. బకెట్ కూడా గొట్టమేనా అని బోర్డు సాయంత్రమంతా చర్చించి, దానికి అడుగు ఉంది కాబట్టి కాదని తేల్చింది. చట్టాన్ని అంత అడుగుదాకా చూసేవాళ్ళు మా బోర్డులో ఉన్నారు. వెర్నా నడుం మాత్రం పట్టేసింది. అమ్మేసి పోదామంటే నీళ్ళు లేని కొంపని కొనేవాడెవడు? ఒకరోజు మెట్ల మీద బకెట్ ఒలికితే, అక్కడే కూలబడి ఏడ్చింది.

శీతాకాలంలో తవ్వే యంత్రం వచ్చింది. వెర్నా వాకిలి చీల్చుకుంటూ లావుపాటి గొట్టం కొండ మీది కొత్త గోల్ఫ్ క్లబ్బుకి పోయింది. మేం ఛైర్మన్ గారి దగ్గరికి పరుగెత్తాం.

"రోడ్డు దాటింది సార్!"

"అక్కడ మనుషులుండరమ్మా, గడ్డి ఉంటుంది," అన్నారాయన ఓపిగ్గా. "పెరిగితే కోసేస్తారు."

వెర్నా నేరుగా క్లబ్బు మేనేజర్ దగ్గరికి పోయింది. చిన్నప్పుడు ఆవిడ బస్సెక్కిన పిల్లాడే అతను. వారం తిరక్కుండా ఆవిడ వాకిట్లో ఒక చిన్న గుంట, గుంటలో జెండా వెలిశాయి. పద్దెనిమిది గుంటల ఆటలో ఇది పంతొమ్మిదోది. గడ్డికి నీళ్ళు కావాలని క్లబ్బు అడిగింది. బోర్డు ఏకగ్రీవంగా ఇచ్చింది. ఆ గొట్టం పాయ ఒకటి వంటింట్లోకి కూడా వెళ్ళింది.

వేసవిలో డ్వేన్ తనిఖీకి వచ్చాడు. వెర్నా కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతోంది. నేను వరండాలో కాఫీ తాగుతున్నాను. డ్వేన్ టోపీ తీసి, కిటికీలోంచి ఆవిణ్ణే అడిగాడు.

"ఇక్కడ మనుషులెవరూ కాపురం ఉండటం లేదు కదండీ?"

"ఎవరూ లేరయ్యా," అంది వెర్నా.

"హమ్మయ్య," అని డ్వేన్ చెమట తుడుచుకున్నాడు. "ఎండ మండిపోతోంది. ఓ గ్లాసు మంచినీళ్ళిస్తారా?"