పైకి పోయింది

ఆ రోజు పొద్దున ఐలేశం వేసుకున్న పథకం చిన్నదే. గొర్రెలను కోడలు తోలుకుపోతుంది. తాను కోడలి ఫోను పట్టుకుని ఊరి నీళ్ల ట్యాంకు మెట్లెక్కి కూర్చుంటాడు. ఊళ్లో సిగ్నల్ సరిగా అందే జాగా అదొక్కటే. జిల్లా ఆఫీసు నుంచి ఫోను వస్తే ఎత్తుతాడు, వాళ్లు చెప్పింది వింటాడు, వచ్చి ఇంట్లో చెబుతాడు. ఇందులో చెడిపోవడానికి ఏముందని అందరూ అనుకున్నారు.

కోడలి పేరు నిలంతి. పుట్టింది శ్రీలంకలో. ఐలేశం కొడుకు పరశురాములు కువైట్‌లో బండి నడిపిన రోజుల్లో, అక్కడే ఒక ఇంట్లో పనికి కుదిరిన నిలంతిని చూసి ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. జడ్చర్లకు అవతల ఉన్న బోడగుట్టపల్లికి తీసుకొచ్చాడు. ఆ పేరు ఊరివాళ్లకు నోరు తిరగలేదు. తేలిగ్గా ఉంటుందని నీలమ్మను చేశారు. అత్త జానమ్మ మొదట్లో, "రాముడు లంకకు పోయి తన పెండ్లాన్ని తన ఇంటికి తెచ్చుకున్నడు. నువ్వేందిరా, లంకోల్ల పిల్లనే పట్కొచ్చినవ్?" అని కొడుకును దెప్పేది. మనుమరాలు అక్షిత పుట్టాక ఆ మాట మానేసింది. ఇప్పుడు నీలమ్మ పిలవకపోతే ఆ ఇంట్లో గొర్రె కూడా కదలదు.

అయినా సర్కారు లెక్కలో ఆమె ఇంకా పరాయి దేశం మనిషే. ఉండాల్సినన్ని ఏళ్లు ఉండి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు పిలిస్తే ఇస్త్రీ చీర కట్టుకుని పోయింది. అక్కడ వరుసగా కూర్చున్న సార్లను చూసేసరికి భయానికి నోరు పెగల్లేదు. ఏది అడిగినా "ఔ సార్" అని వచ్చింది. ఆ తర్వాత దసరా పోయింది, మళ్లీ దసరా పోయింది, కబురు లేదు. అడిగినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. ప్రాసెస్ అనేది ఎక్కడో హైదరాబాద్ అవతల ఉన్న ఊరని జానమ్మ నమ్మకం.

ఇప్పుడు అసలు భయం వేరే వచ్చిపడింది. నెలాఖరుకు వీసా గడువు అయిపోతుంది. ఈసారి పొడిగించాలంటే పౌరసత్వం ఫైలు కదిలినట్టు చూపించాలన్నారు. చూపించకపోతే నీలమ్మ బిడ్డను ఇక్కడ వదిలి దేశం దాటాల్సిందే. ఎప్పుడు పొమ్మంటారో తెలియక ఆమె ఒక సంచిలో బట్టలు సర్ది మేకుకు తగిలించింది. కాకర గింజలు తెచ్చుకుని కూడా పెట్టలేదు. "కాసేటాల్లకు నేనుంటనో ఉండనో అత్తా" అంది. ఆ సంచి ముందునుంచి పోవాల్సి వస్తే జానమ్మ మొహం పక్కకు తిప్పుకుని పోతుంది.

ఇక ఐలేశం సంగతి ఒకటి చెప్పాలి. ఆయన మాటకూ మాటకూ మధ్య ఒక గొర్రె పోయి నీళ్లు తాగి రావచ్చు. అందుకే ఊరివాళ్లు ఆయన మాట మొదలు విని, మిగతాది తామే పూర్తి చేసుకుని తమ పని మీద పోతారు. ఐలేశం ఏమీ అనుకోడు. మిగిలిన మాటలు మెల్లగా తనకు తానే చెప్పుకుంటాడు.

ఎండ ఎక్కకముందే ఫోను మోగింది. ఆఫీసులో ఫైళ్లు చూసే లీలమ్మ.

"ఐలేశం గారా? మీ కోడలిది పైకి పోయింది."

"ఆఁ?"

"ఫైలు! హైదరాబాద్‌కు పోయింది. ఇగ మా చేతుల ఏం లేదు. ఇయ్యాల్నో రేపో మీ ఊరికి ఎంక్వైరీ సారు వస్తడు. ఇంటర్వ్యూల ఆమె సప్పుడు చెయ్యలేదట, ఊరోల్లతోని కలిసి ఉంటదో లేదో అని డౌటు రాసిండ్రు. ఊరోల్లు నాలుగు మంచి మాటలు చెప్పాలె. లేకుంటే కష్టం."

ఐలేశం "ఎప్పుడు" అనే మాట పూర్తి చేసేలోపు ఆమె ఫోను పెట్టేసింది. ఆయనకు ఫైలు కదిలినందుకు సంతోషపడాలా, డౌటుకు భయపడాలా తేలలేదు. మెట్లు దిగేసరికి కింద నల్లా దగ్గర పక్కింటి అమృతమ్మ బిందె నింపుకుంటోంది.

"ఏందన్నా, మొఖం గట్ల వెట్టినవ్?"

"మా నీలమ్మది..." ఐలేశం తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పైకి పోయింది చెల్లె."

అమృతమ్మ చేతిలో బిందె జారి పడింది.

"అయ్యో! ఎప్పుడన్నా?"

"ఇప్పుడే... ఫోను వచ్చింది. ఇగ... మా చేతుల ఏం లేదన్నరు."

"పొద్దుగాల నాతోని నవ్వుకుంట మాట్లాడి పోయింది గదన్నా!"

"అందరు... నాలుగు మంచి మాటలు... చెప్పాలె."

"చెప్తమన్నా! చెప్పకుంటే నోట్ల పురుగులు పడవా?" అంటూ అమృతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊళ్లోకి పరుగెత్తింది.

ఐలేశానికి ఇంకొక మాట మిగిలింది. "ఫైలు" అన్నాడు, దొర్లుతున్న బిందెతో.

తర్వాత కొడుకుకు చెబుదామని మళ్లీ ట్యాంకు ఎక్కాడు. పరశురాములు ఇప్పుడు జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో వ్యాను నడుపుతున్నాడు. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర పెట్టెలో అది మోగుతూ ఉంది, ఐలేశం చేస్తూ ఉన్నాడు.

ఈలోగా ఊళ్లో వార్త నడిచింది. ఎట్ల పోయిందని అడిగినవాళ్లకు అమృతమ్మ "ఫోనొచ్చింది" అంది. ఫోను వచ్చిందంటే దవాఖాన నుంచే. గొర్రెలతో పోయిన మనిషిని దవాఖానకు తీసుకుపోయారంటే గుట్ట మీద పామే కరిచి ఉండాలి. వాడకట్టు చివరికి చేరేసరికి ఆ పాము ఎంత పొడవో కూడా తెలిసిపోయింది. టెంట్‌హౌస్ ఎల్లస్వామి ఎవరూ అడగకముందే ఐలేశం వాకిట్లో షామియానా వేశాడు. తొందరలో పెళ్లిళ్లది దొరికింది. దాని అంచుకు పెద్ద అక్షరాలతో 'స్వాగతం' అని ఉంటే తలకిందులుగా కట్టి, చావింట్లో ఆ మాట ఎవరూ చదవకుండా సర్దానని తృప్తిపడ్డాడు.

జానమ్మ అప్పుడే అక్షితను బడికి పంపి, గిర్ని నుంచి జొన్నపిండి పట్టించుకుని వస్తోంది. వాకిట్లో కుర్చీలు, జనం. ఆడవాళ్లంతా ఒక్కసారి మీదపడి పట్టుకున్నారు. అందరికన్నా ముందు అమృతమ్మ.

"పోయింది వదినె! నీ కోడలు పోయింది!"

జానమ్మ నెత్తి మీది పిండి గిన్నె కింద పడింది. ఇన్నాళ్లుగా భయపడిన మాటే అది. "తీస్కపోయిండ్రా? నాకొక్క మాట చెప్పకుంటనే పంపిండ్రా?"

"చెప్పి తీస్కపోతరా వదినె! పైకి పోయిందట."

"విమానంలనా?"

అమృతమ్మ ఆమె వీపు నిమిరింది. దుఃఖంలో ఉన్న మనిషి ఏదైనా అంటుంది. "దేంట్ల పోతేంది వదినె, పోయినంక."

జానమ్మ ఇంట్లోకి తొంగిచూసింది. మేకుకు సంచి అట్లాగే ఉంది. "సంచి ఈడనే ఉన్నది! కట్టుబట్టలతోని పంపిండ్రు! గా దేశంల దిగినంక ఏం కట్టుకుంటదే నా బిడ్డ!"

"ఆడ బట్టలతోని పనేముంటది వదినె" అని పుష్పమ్మ అనే ముసలామె ఓదార్చింది.

"సలి పెట్టదా?"

పుష్పమ్మ తన కొంగు చివర ఆమె భుజాలకు కప్పింది.

కొడుకు దొరకక ఐలేశం విసుగెత్తి ఇంటికి వచ్చాడు. షామియానా చూసి ఆగాడు. ఎవరో పోయారు. ఎవరని అడగడం మర్యాద కాదు, తీరా దగ్గరి బంధువైతే బాగుండదు. చెప్పులు విడిచి, ఒక కుర్చీలో కూర్చుని, ఎవరికోసమో తెలియకుండానే నాలుగు కన్నీళ్లు కార్చాడు. ఎల్లస్వామి వచ్చి భుజం పట్టుకున్నాడు.

"గుండె గట్టి చేస్కో మామా."

ఫైలు సంగతి ఇతనికీ తెలిసిందన్న మాట, అనుకున్నాడు ఐలేశం. "ఏం చేస్తం అల్లుడా. పైకి పోయినంక... మన చేతుల ఏముంటది. మల్ల... కిందికి వస్తే సంతోషం."

ఎల్లస్వామి కళ్లు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడు మోటార్ సైకిల్ మీద ఒక మనిషి వచ్చి దిగాడు. మామూలు బట్టలు, చేతిలో ఫైలు. పేరు సురేశ్, పౌరసత్వం ఎంక్వైరీకి వచ్చిన సారు. షామియానా, కుర్చీలు, తలకిందులుగా 'స్వాగతం' చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"ఎంక్వైరీకి ఇంత ఏర్పాటెందుకండి? శ్రీలంక నుంచి వచ్చిన నిలంతి అనే ఆమె ఇక్కడే ఉంటదా?"

"ఉండేది సార్" అన్నాడు ఎల్లస్వామి.

"ఉండేదా? ఇప్పుడు?"

"పైకి పోయింది."

"ఫైలు పైకి పోయిన సంగతి నాకు తెలుసు. నేనడిగేది మనిషి గురించి."

"నేను చెప్పేది గూడ మనిషి గురించే సార్."

సురేశ్ నవ్వు ఆగిపోయింది. జనం చుట్టూ మూగారు. పోయిన మనిషి గురించి సర్కారు సారు అడుగుతున్నాడంటే ఎవరూ వెనక్కు తగ్గలేదు. అమృతమ్మ అందరినీ నెట్టుకుని వచ్చింది. "మా ఆయన కాలిరిగి మంచాల పడితే, మా ఇంట్ల పొయ్యి ఆరకుంట సూసింది సార్. కడుపుల పుట్టిన పిల్లలు చెయ్యరు గంత." నీలమ్మను చూస్తే తన గొర్రెలు కూడా ఆమె వెంటే పోయేవని గొర్రెలు కాసే కురుమయ్య చెప్పాడు. తన కంట్లో మందు వేయడానికి రోజూ వచ్చేదని పుష్పమ్మ చెప్పింది. సురేశ్ అన్నీ రాసుకున్నాడు. చివర బరువుగా కలం తిప్పాడు.

"మంచి మనిషిలెక్కనే ఉన్నది. కానీ దరఖాస్తుదారు మరణించినారు అని రాసి, ఫైలు బంద్ చెయ్యాల్సిందే."

ఆ మాట ఐలేశం చెవిన పడింది. మరణించింది ఎవరో అప్పుడు ఆయనకు అర్థమైంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు.

"రాయకు సారూ! మా కోడలు బతికే ఉన్నది!"

ఐలేశం అంత వేగంగా మాట్లాడాడంటే మతి చలించిందనే అందరికీ అనిపించింది.

"పాపం, మనసు ఒప్పుకుంటలేదు" అంది పుష్పమ్మ.

"ఎక్కడుంది తాతా?" సురేశ్ మెత్తగా అడిగాడు.

ఐలేశం చెయ్యెత్తి గుట్ట వైపు చూపించాడు. తొందరలో చేయి కొంచెం ఎక్కువగా లేచింది. అందరూ ఆకాశంలోకి చూశారు. మగవాళ్లు తలగుడ్డలు తీశారు. సురేశ్ కలం ఆ రెండు మాటలూ రాసేసింది.

అప్పుడు గొర్రెలు వచ్చాయి. ముందు గొర్రెలు, వెనక భుజం మీద ఆ పొద్దునే పుట్టిన గొర్రెపిల్లను మోసుకుంటూ నీలమ్మ. వాకిట్లో షామియానా, కింద ఏడుస్తున్న మామ. మామ ఇక్కడ ఉన్నాడంటే పోయింది అత్తే. గొర్రెపిల్లను ఎల్లస్వామి చేతిలో పెట్టి, గుండె బాదుకుంటూ ఆమె కూలబడింది.

"ఓ అత్తో! నన్నెవరికి అప్పజెప్పి పోతివే అత్తో! రొట్టె చేసుడు నేర్పితివి, రొట్టె తిరగేసుడు నేర్పకపోతివి! పొద్దుగాల లేస్తే నన్ను తిట్టేటోల్లెవరే అత్తో!"

ఏడుపు ఎత్తుకోవడంలో ఎక్కడా తప్పు లేదు. గొంతు ఎక్కడ లేవాలో అక్కడ లేచింది, ఎక్కడ విరగాలో అక్కడ విరిగింది. ఆడవాళ్లందరూ అలవాటు కొద్దీ గొంతు కలిపారు. రెండు వరుసలు అయ్యాక గానీ తాము ఎవరితో కలిసి ఎవరికోసం ఏడుస్తున్నారో గమనించలేదు.

గుంపు నడుమనుంచి జానమ్మ లేచింది. "నేనీడ్నే ఉన్న గదనే! నువ్వెట్లొచ్చినవ్? విమానం ఆపిండ్రా?"

అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. ఒకరు బతికి వచ్చినట్టు, ఒకరు తిరిగి వచ్చినట్టు. సురేశ్ అటూ ఇటూ చూశాడు.

"ఈమె ఎవరు?"

"నీలమ్మ సార్."

"చనిపోయింది ఎవరు?"

"నీలమ్మనే సార్" అన్నాడు ఎల్లస్వామి, గొర్రెపిల్లను ఎత్తుకుని. అతనికి ఇంకా తేలలేదు.

తేలడానికి కాస్త సమయం పట్టింది. ఎందుకంటే మొదటినుంచి చెప్పాల్సింది ఐలేశమే. తేలిన తర్వాత సురేశ్ అక్కడే కూర్చుని మంచినీళ్లు తాగాడు. రాసిన కాగితాలు మడవబోతుంటే అమృతమ్మ గబగబా వచ్చింది.

"సారూ, బతికున్నది గద, ఇంకొకటి రాసుకోండ్రి. నా గడ్డపార తీస్కపోయి ఇంకా ఇయ్యలే."

"రేపిస్త అక్కా! నా సావుల గూడ గడ్డపారనేనా?" అంది నీలమ్మ.

సురేశ్ ఆమె వైపు చూశాడు. "ఇంటర్వ్యూల ఔ సార్ తప్ప ఇంకో మాట రాదని రాసిండ్రమ్మా. ఊరితోని సంబంధం డౌటని రాసిండ్రు. నేనిప్పుడు ఏం రాయాలె? నేను పోతే మా గల్లీల గింతమంది వస్తరో రారో." కాగితం తిప్పి, 'దరఖాస్తుదారు మరణించినారు' అన్న రెండు మాటలు కొట్టేసి, మిగతా రాసిందంతా అట్లాగే ఉంచాడు. గడ్డపార రాయలేదు.

ఆయన పోయాక, కంపెనీ గేటు దగ్గర ఎవరో చెప్పిన కబురు విని పరశురాములు బండి మీద ఏడ్చుకుంటూ వచ్చాడు. నీలమ్మ చాయ్ గ్లాసు ఇచ్చింది. తీసుకున్నాడు, ఒక గుక్క తాగాడు, అప్పుడు మొహం చూశాడు. గ్లాసు చేతిలోంచి జారింది.

"ఏంది, నా దినానికొచ్చినవా?" అంది నీలమ్మ. "చాయ్ మంచిగ లేదా?"

ఆ ఎంక్వైరీ కాగితం చూపించాక వీసా గడువు పొడిగించారు. నీలమ్మ కాకర గింజలు పెట్టింది కానీ సంచి మాత్రం దించలేదు. కాయలు కోసి, తీగ ఎండిపోయి, కొత్త గింజలు పెట్టే రోజులు వచ్చాయి. ఐలేశం రోజూ పొద్దున ట్యాంకు ఎక్కుతూనే ఉన్నాడు. ఒకనాడు ఫోను మోగింది. లీలమ్మ.

ఐలేశం మెట్లు దిగాడు. నల్లా దగ్గర అమృతమ్మ ముందు జాగ్రత్తగా బిందె కింద పెట్టింది. ఎల్లస్వామి బండి ఆపాడు. చేతికంటిన పిండితోనే జానమ్మ, ఆమె వెనకే నీలమ్మ పరుగున వచ్చారు. ఎవరూ మిగతాది తామే పూర్తి చేసుకోలేదు.

ఈసారి పొరపాటు జరగకూడదని ఐలేశం ముందుగా "ఫైలు..." అని, తువ్వాల తీసి తీరిగ్గా మొహం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆ దరఖాస్తుకు జరిగిన ఆలస్యాలన్నిట్లోకీ అదే పెద్దదని, మేకు మీది సంచి దిగి ఎన్నాళ్లైనా, ఊళ్లో ఇప్పటికీ అంటారు.