ఎఫ్ పన్నెండులో గొడుగు

ఆ బుధవారం పొద్దున బెర్నడెట్ కోజిక్ వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. రెండు గంటల మ్యాట్నీ ముగియగానే సబ్‌వే ఎక్కాలి. ఆరింటికల్లా ఉడ్‌సైడ్‌లో ఇంటికి చేరాలి. నిన్నటి సూపు వేడిచేసుకుని తాగి, తలుపు గడియ పెట్టుకుని పడుకోవాలి. రాత్రి ఆటకు ఆవిడ బదులు ఇంకొకరు వస్తున్నారు. పదకొండు రోజుల తరవాత చేతికి చిక్కిన సాయంత్రం అది.

బ్రాడ్వే పక్కవీధిలోని ఆ పాత థియేటర్లో బెర్నడెట్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రేక్షకులకు సీట్లు చూపిస్తోంది. ఆ పని చేసేవాళ్ళందరికీ ఇప్పుడు ఆవిడే పెద్ద. మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఐదు వారాలుగా అక్కడ ఆడుతున్నది ‘హోబోకెన్ వసంతం’. 1956లో మొదటిసారి ఆడినప్పుడు ఊరు ఊరంతా విరగబడి చూసిన సంగీత నాటకం. మొదటి అంకం చివర కథానాయిక ‘ఇంకో వాన రానీ’ అని పాట ఎత్తుకుంటుంది. రెండో చరణంలో వేదిక నిండా నలభై పసుపు గొడుగులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కథ మరిచిపోయినవాళ్ళు కూడా ఆ గొడుగులను మరిచిపోలేదు. నాటకాన్ని మళ్ళీ ఆడుతున్నారని తెలియగానే జనం మనవరాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది ఆ గొడుగుల కోసమే.

కొత్త దర్శకుడు ఆస్కార్ ట్రెంథమ్ మొట్టమొదట తీసేసింది ఆ గొడుగులనే. ఇప్పుడు వేదిక ఖాళీ. అందరికీ బూడిదరంగు కోట్లు. కథానాయిక ఒక ఎత్తుపీట మీద కదలకుండా కూర్చుని ఆ పాటను శవయాత్ర నడకలో పాడుతుంది. పాట అయ్యాక నిమిషంపాటు నిశ్శబ్దం. “అది శోకం. శోకానికి ఎవరూ చప్పట్లు కొట్టరు,” అని ఆస్కార్ నిర్ణయించాడు. ఎవరైనా చప్పట్లకు చెయ్యెత్తితే బెర్నడెట్, ఆవిడ కింద పనిచేసేవాళ్ళు వెంటనే పెదాల మీద వేలు పెట్టుకుని “ష్” అనాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో చప్పట్లు ఆపమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఇంటర్వెల్లో జనం నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

“ఏమ్మా, గొడుగులేవి?”

“తీసేశారండీ.”

“ఎందుకు తీసేశారు?”

“కొత్త దర్శకుడండీ.”

“అయితే మాత్రం? గొడుగులేం చేశాయి ఆయన్ని?”

ఆవిడే వాటిని ఇంటికి పట్టుకుపోయినట్టు అడిగేవారు. ఆట అయ్యాక కథానాయిక జెనీవీవ్ మెట్ల దగ్గర ఆగి, ముఖాన ఇంకా రంగు ఉండగానే అడిగేది: “ఇవాళ కూడా బాలేదా బెర్నడెట్?” చప్పట్లు వద్దన్నది దర్శకుడేనని జెనీవీవ్‌కు తెలుసు. తెలిసినా చప్పట్లు లేని ఆ నిమిషం రోజూ అంతే పొడుగు.

హాలు సగం కూడా నిండటం లేదు. ఆదివారంతో ఆట ఎత్తేస్తున్నట్టు సోమవారం నోటీసు అంటించారు.

బుధవారం బోరున వాన. బెర్నడెట్ కోటు విప్పకముందే థియేటర్ మేనేజరు లైల్ బ్రోడీ పరుగున వచ్చాడు.

“బెర్నడెట్, ఇవాళ ఒక్కరోజు నా పరువు కాపాడమ్మా. మొదటి ఆటకు జ్వరమొచ్చి రాలేకపోయిందే, నాటకాల మీద సమీక్షలు రాసే ఆ పత్రికావిడ ఇవాళొస్తోంది. హెచ్ వరసలో నడవ పక్క సీటు. ఆవిడ ఒక్క మంచి ముక్క రాస్తే నోటీసు చించేస్తామన్నారు నిర్మాతలు. పాట తరవాత సూది పడ్డా వినిపించాలి!”

“వినిపిస్తుందిలే సార్. సూది వేసేందుకు కూడా మనిషి లేడు,” అంది బెర్నడెట్.

ఆట మొదలై అరగంటయింది. ఎఫ్ వరసలోంచి ఒక చెయ్యి లేచింది. ఎఫ్ పన్నెండులో కూర్చున్న బట్టతలాయన. పేరు పెల్. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బెర్నడెట్ టార్చి నేలకేసి పట్టుకుని వంగి వంగి వెళ్ళింది.

“నా నెత్తి మీద నీళ్ళు పడుతున్నాయమ్మా,” అన్నాడాయన గుసగుసగా.

పైకి చూసింది. పైకప్పుకు అలంకారంగా పోతపోసిన సున్నపు పువ్వు నడుమ ఒక చుక్క ఊరుతోంది. అది తీరిగ్గా బరువెక్కి, జారి, ఆయన నడినెత్తిన టప్పున పడింది.

“వెనక బోలెడు సీట్లు ఖాళీ సార్. రండి, మారుద్దాం.”

“మారడం దేనికి? టిక్కెట్టు మీద ఎఫ్ పన్నెండనే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపానమ్మా. ఎవరి సీట్లో వాళ్ళు కూర్చోకపోతే ఏమవుతుందో నన్నడుగు.”

“కూర్చుంటే తడుస్తారు సార్.”

“తడవకుండా చూసే పని మీది కాదూ?”

వెనక సీట్లోని మిసెస్ లూబెల్ ముందుకు వంగింది. డెబ్భై ఏడేళ్ళావిడ. చిన్నప్పుడు వాళ్ళమ్మతో ఆ నాటకం మొదటి ఆటలు చూసింది. ఇప్పుడు ప్రతి బుధవారం నది అవతల నుంచి వచ్చి, నచ్చలేదని చెప్పి వెళుతుంది. “కబుర్లుంటే బయట చెప్పుకోండి! అసలే వేదిక మీద ఏమీ లేదు. అదీ చూడనివ్వరా?”

బెర్నడెట్‌కు మోకాళ్ళు సలుపుతున్నాయి. హెచ్ వరసలోని పత్రికావిడ ఇటే చూస్తోంది. అంత ఓపికగల మనిషికీ నోరు జారింది.

“అయితే గొడుగేసుకుని కూర్చోండి సార్!” అనేసి వెనక్కి తిరిగింది.

పెల్ కాసేపు ఆలోచించాడు. యూనిఫారం వేసుకున్నావిడ చెప్పిన మాట అది. “సరేనమ్మా, మీరు చెప్పారు కాబట్టి,” అన్నాడు. అప్పటికి బెర్నడెట్ ఆరు వరసలు దాటిపోయింది.

ఆయన తొందరపడే మనిషి కాదు. చుక్క చుక్కకూ రుమాలుతో తుడుచుకుంటూ ఓర్చుకున్నాడు. మొదటి అంకం చివర జెనీవీవ్ ఎత్తుపీట మీద కూర్చుని పాట ఎత్తుకునేసరికి బయట వాన ఉద్ధృతమైంది. రెండో చరణానికి లోపల చుక్క ధారయింది. పెల్ సీటు కింది పెద్ద నల్ల గొడుగు తీసి, దులిపి, విప్పాడు.

మిసెస్ లూబెల్‌కు వేదిక మాయమైంది. నోరు తెరిచి తిట్టబోయింది. ఆ పాటలో, సరిగ్గా ఆ చరణంలో, ఒక గొడుగు! తిట్టు గొంతులోనే ఆగిపోయింది.

“శభాష్!” అంది పైకే. “వాళ్ళు వెయ్యకపోతే మనమే వేద్దాం!” సంచిలోంచి తన మడత గొడుగు లాగి టప్పున విప్పింది. అది పసుపురంగుది కావడం యాదృచ్ఛికం కాదు. ఐదు వారాలుగా ఆవిడ దాన్ని పట్టుకునే వస్తోంది.

విప్పిన విసురుకు నీళ్ళు వెనక వరస మీద చిలికాయి. అక్కడివాళ్ళు పైకప్పు కారుతోందనుకుని తమ గొడుగులు విప్పారు. వాళ్ళ వెనకవాళ్ళకు అంత తడి తగల్లేదు గానీ గొడుగులు కనిపించాయి, పాట వినిపించింది, చిన్నప్పుడు చూసింది గుర్తొచ్చింది. ముందు వరసలవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసి తమవి విప్పారు. బాల్కనీలో ఉన్నవాళ్ళు కింద గొడుగులు తెరుచుకోవడం చూసి, ఇన్నాళ్ళకు దర్శకుడికి బుద్ధొచ్చిందని లేచి నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది పాడటం కూడా మొదలుపెట్టారు.

బెర్నడెట్ టార్చి పట్టుకుని నడవలో పరుగెత్తింది. ఆ వెలుగు తిన్నగా పెల్ గొడుగు మీద పడి, కావాలని వేసిన దీపంలా మెరిసింది. జనం కేరింతలు కొట్టారు.

“మూసెయ్యండి సార్, దండం పెడతాను!”

“వెయ్యమన్నది మీరే కదమ్మా!” అన్నాడు పెల్. బస్సులో చివరి సీటుదాకా వినిపించే గొంతు ఆయనది.

హాలు చివర నిలబడి చూస్తున్న ఆస్కార్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “గొడుగు! నా నాటకంలో గొడుగు!” అంటూ నడవలో దూసుకొచ్చి, బెర్నడెట్‌ను పక్కకు నెట్టి, పెల్ గొడుగు పట్టుకుని లాగాడు. పెల్ వదల్లేదు. ఇతనిటు, ఆయనటు. ఆ లాగులాటకు జనం తాళం వేశారు. చివరికి పెద్దాయనే జాలిపడ్డాడు. “సరే, నువ్వే తీసుకో బాబూ. చూడబోతే నువ్వే ఎక్కువ తడిసేట్టున్నావు,” అని పట్టు వదిలేశాడు.

ఆస్కార్ ఆ విసురుకు వెనక్కి వెనక్కి వెళ్ళి, వాద్యబృందం ముందున్న రెయిలింగుకు వీపు తగిలాక ఆగాడు. నెత్తిన విప్పిన గొడుగు, ఎదురుగా హాలంతా. దర్శకుడే పాటలోకి వచ్చాడనుకుని జనం పైకప్పు ఎగిరిపోయేట్టు చప్పట్లు కొట్టారు.

వాద్యబృందం నాయకుడు ముసలాయన. ఐదు వారాలుగా ఆ పాటను తద్దినం పెట్టినట్టు నడిపిస్తున్నాడు. వెనక్కి తిరిగి దర్శకుణ్ణి చూశాడు, గొడుగులను చూశాడు. ఇది పైనుంచి వచ్చిన ఆజ్ఞేనని తేల్చుకున్నాడు. తాళం చూపించే సన్నకర్ర ఎత్తి, పాటను దాని పాత నడకలోకి దించాడు. నిద్రపోతున్న డ్రమ్ములు లేచాయి.

వేదిక మీద జెనీవీవ్ రెండు క్షణాలు బిత్తరపోయి చూసింది. తరవాత ఎత్తుపీట దిగింది. దాన్ని కాలితో పక్కకు నెట్టింది. ఎప్పుడో డాన్సు బడిలో పిల్లలందరితోపాటు ఈ పాటకు నేర్చుకున్న అడుగులు ఒక్కటీ మరిచిపోలేదు. బూడిదరంగు కోట్లవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని ఆవిడ వెంట పడ్డారు.

బెర్నడెట్ నడవలో నిలబడి, చెప్పిన ప్రకారం పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆ వేలి కింద తన పెదాలు కూడా పాడుతున్నాయని చాలాసేపటికి గాని ఆవిడకు తెలియలేదు.

పాట అయ్యాక చప్పట్లు నాలుగు నిమిషాలు ఆగలేదు. జెనీవీవ్ కళ్ళు తుడుచుకుంటూ అలా నిలబడిపోయింది.

ఇంటర్వెల్లో మేనేజరు గదికి పిలుపొచ్చింది. ఆస్కార్ ఇంకా పెల్ గొడుగు పట్టుకునే ఉన్నాడు.

“ఎవరు చెప్పారు ఆ ముసలాయనకు గొడుగు వెయ్యమని?” అడిగాడు లైల్.

“నేనే సార్. ఊరికే అన్నాను. ఆయన నిజమనుకున్నాడు.”

“ఐదు వారాల శోకం!” అన్నాడు ఆస్కార్. “ఐదు నిమిషాల్లో సంత చేసి పెట్టింది!”

లైల్ ఆవిడ కళ్ళలోకి చూడకుండా, “నువ్విక రానక్కర్లేదు బెర్నడెట్,” అన్నాడు.

“ఇవాళ్టికా, ఆదివారం దాకానా సార్?”

“ఎప్పటికీ!”

ఆవిడ కోటు తొడుక్కుంది. మెట్ల దగ్గర జెనీవీవ్ ఎదురొచ్చి, ఏమీ అడక్కుండా గట్టిగా కావలించుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం పోయినందుకు ఏడుపొస్తుందని రైల్లో బెర్నడెట్ ఎదురుచూసింది. రాలేదు. నిద్రొచ్చింది. ఇంటికెళ్ళి సూపు తాగి పడుకుంటే, ఎన్నేళ్ళకో ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

తెల్లారి ఫోను మోగింది. లైల్.

“పేపరు చూశావా? చూడలేదా? విను! ‘వేదిక మీది గొడుగులు తీసేసి, వాటిని ప్రేక్షకుల చేతుల్లో పెట్టిన సాహసం. పాత నాటకాన్ని మళ్ళీ ఎందుకు ఆడాలో ఇన్నాళ్ళకు ఒకరు చెప్పారు. నేనూ నా గొడుగు విప్పాను.’ నోటీసు చించేశారమ్మా! వెంటనే బయల్దేరి రా!”

“నిన్న నన్ను తీసేశారు కదా సార్.”

“నిన్నటి మాట నిన్నటిది. ఉండు, ఆస్కార్ మాట్లాడతాడట.”

“బెర్నడెట్,” అన్నాడు ఆస్కార్, గొంతులో తేనె పోసుకుని. “మొదటినుంచీ నా ఆలోచన ఇదే. ప్రేక్షకులు తమంతట తామే కనుక్కోవాలని ఊరుకున్నాను. ఇందాక రేడియోవాళ్ళకు కూడా ఇదే చెప్పాను. ఇక మీదట రోజూ మొదటి గొడుగు నువ్వే విప్పాలి. సహజంగా ఉండాలి, తెలిసిందా?”

“ఇవాళ సెలవు దొరుకుతుందా బాబూ?”

“సెప్టెంబరులో చూద్దాం,” అన్నాడాయన.

మరుసటి బుధవారానికి వాన వెలిసి, ఊరంతా ఎండ కాసింది. టిక్కెట్ల వరస వీధి మలుపు తిరిగిపోయింది. వరసలో ప్రతివాళ్ళ చేతిలోనూ గొడుగు. బెర్నడెట్ తన గొడుగును చేతికర్రలా ఆనించుకుని తలుపు దగ్గర నిలబడి ఉండగా పెల్ వచ్చాడు. కొత్త గొడుగు కొనుక్కున్నాడు.

“ఒక్క టిక్కెట్టు ఇప్పించమ్మా. ఆ రోజు మంచి పాట దగ్గర అందరూ గొడుగులేసేశారు. ఒక్క ముక్క కనిపిస్తే ఒట్టు.”

“సెప్టెంబరు దాకా ఒక్క సీటు లేదు సార్.”

“అదేమిటి! పాపం, ఆ రోజు హాలంతా కారింది కదా. నా ఒక్కడి నెత్తి మీదే అనుకుని మిమ్మల్ని విసిగించాను.”

బెర్నడెట్ చెప్పబోయింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆలోచించేసరికే అలసట వచ్చింది.

పెల్ మండే ఎండలో గొడుగులు పట్టుకుని నిలబడ్డ ఆ జనాన్ని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.

“అయితే ఇంకా బాగుచేయించలేదన్నమాట,” అన్నాడు.