కారులో ఐదు గళ్లు

పరీక్ష నాటి పొద్దున ఇంట్లో హాజరైనవారు: బాపు జైపాల్‌రావు, అవ్వ (దేవకి తల్లి) అనసూర్య, నాయినమ్మ జానకీబాయి, కాక జగపతిరావు, మేనత్త నిర్మలాదేవి, లా కాలేజీ ప్రవేశ పరీక్ష రాయవలసిన దేవకి. వాకిట్లో కిరాయి అంబాసిడర్, అందులో డ్రైవర్ బక్కయ్య.

మనిషి వకీలు కావాలంటే ముందుగా ఆరుగురిని ఒక బెంచీ మీద కూర్చోబెట్టడం రావాలి. ఇది పరీక్ష పెట్టే పెద్దల తీర్మానం. క అనేవాడు గ పక్కన కూర్చోడు. చ చివరనే ఉంటాడు. అయితే ఘ ఎక్కడ? హుజూరాబాద్‌లో కొన్న గైడు దీనికి ఉపాయం చెప్పింది: ముందు గళ్లు గీయాలి, కదలనివాళ్లను మొదట నింపాలి, పడనివాళ్ల మధ్య అడ్డగీత కొట్టాలి. దేవకి తన డైరీలో సగం పేజీలు ఇలాంటి గళ్లతోనే నింపింది. ఏడాదికి ఒక్కసారే వచ్చే పరీక్ష మరి.

నెల కింద ఆమె ఒక లెక్క పైకి చదువుతుంటే బాపు విన్నాడు. ఊళ్లో తగువులు తీర్చేది ఆయనే.

"క ఎందుకు కూసోడట గ పక్కకు?"

"లెక్కల గట్లనే ఉన్నది బాపూ."

"ఏం లొల్లయిందో అడగకుంట గళ్లు గీస్తే ఎట్ల బిడ్డా? ఇద్దర్ని పిలిపియ్యాలె, మాట్లాడియ్యాలె. పరీక్ష నాడు నేనే వస్త. గా పెద్దమనుషులకు జర చెప్పస్త."

(బావి మోటారు వంతు దగ్గర మాటామాటా పెరిగి, సొంత తమ్ముడితో ఆయన మాట్లాడక అప్పటికి ఏడేళ్లు.)

అన్న వెళ్తే తానూ వెళ్లాలని కాక పట్టుబట్టాడు. పిల్లకు ధైర్యం చెప్పడానికి మేనత్త, బొట్టు పెట్టి లోపలికి పంపడానికి నాయినమ్మ, సద్ది కట్టుకుని అవ్వ సిద్ధమయ్యారు. కరీంనగర్ గంటన్నర దూరం. పరీక్ష పదిన్నరకు. ఎనిమిదిన్నర దాటినా ఒక్కరూ కారెక్కలేదు. కారణాలు ఈ విధంగా నమోదయ్యాయి: బాపు ముందు కిటికీ దగ్గర తప్ప కూర్చోడు. కాక బాపు పక్కన కూర్చోడు. మేనత్తకు కారు పడదు, కిటికీ కావాలి. కాక బీడీ వాసన తగిలితే కిటికీ కూడా చాలదు. అత్త వెనక ఉండగా కోడలు ముందు సీట్లో కూర్చోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

"వదినా, ఆయనకు చెప్పు, నేను బస్సుల వస్తనని," అన్నాడు కాక, అన్న ఎదురుగా నిలబడే.

"పోతె పొమ్మను," అన్నాడు బాపు.

"మీ లొల్లి పాడుగాను! పిల్ల పరేషాన్ అయితాంది," అంది నాయినమ్మ.

దేవకి గొంతు డైరీలో తప్ప ఎక్కడా పెద్దగా వినిపించదు. డైరీ తెరిచి, డ్రైవర్ గడి కొట్టేసి, ఐదు గళ్లు గీసింది. ముందు కిటికీకి బాపు. ఆయనకూ డ్రైవర్‌కూ నడుమ నాయినమ్మ. వెనక ఒక కిటికీకి మేనత్త, ఇంకో కిటికీకి కాక, నడుమ అడ్డుగా అవ్వ. వేరే జవాబు లేదు.

గళ్లను అందరూ పరిశీలించారు. ఎవరికీ అభ్యంతరం దొరకలేదు. (ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదలు.)

"ఏం దిమాగ్ రా పిల్లది! వకీలైనట్టే ఇగ," అంటూ మేనత్త ఎక్కింది. ఒకరి వెనక ఒకరు ఎవరి గడిలో వారు సర్దుకున్నారు. కాక వెనక సీట్లోంచి బాపు భుజం తట్టాడు.

"అన్నా, మన పిల్ల గెలిచిందే!"

ఏడేళ్ల తర్వాత మొదటి మాట. బాపు కళ్లు తుడుచుకున్నాడు. నాయినమ్మ దండం పెట్టింది. అవ్వ ఏడ్చింది. బక్కయ్య కూడా ఇంజన్ స్టార్ట్ చేయకుండా కాసేపు ఆగాడు.

దేవకి హాల్‌టికెట్ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. గళ్లు మళ్లీ లెక్కపెట్టింది. ఐదే.

"బాపూ, నేను..."

"తెల్సు బిడ్డా, టైమైతాంది. ఆలిస్యమైతే నిన్ను లోపటికి రానియ్యరు," అని బాపు గబగబా కారు తలుపు మూశాడు.