కోపానికి రిహార్సల్

ఆ రోజు ఇంట్లో నలుగురే ఉన్నారు: అన్న, వదిన, వాళ్ళమ్మ, జైలు నుంచి షరతు మీద బయటికొచ్చిన తమ్ముడు. ఐదో మనిషి పదకొండింటికి రావాలి. ఆవిడ కౌన్సిలరు.

తమ్ముడు వ్యాన్ డ్రైవరు. బండి పెట్టుకునే చోటు దగ్గర మాటా మాటా పెరిగి, అతను వ్యాన్ తలుపు విసురుగా వేస్తే అవతలి మనిషి వేళ్ళు రెండు విరిగాయి. సగం శిక్ష అయ్యాక, కోపాన్ని అదుపులో పెట్టుకునే తరగతులకు వెళ్తే మిగతా సగం ఇంటిదగ్గరే గడపొచ్చని కోర్టు అంది. తరగతులు అయిపోయాయి. ఈ రోజు, ఆ పాఠాలు చెప్పిన కౌన్సిలరు వచ్చి, చూసి, కాగితం మీద సంతకం పెడితే అతను ఇక్కడే ఉంటాడు. పెట్టకపోతే సంచి సర్దుకోవాలి. ఎందుకైనా మంచిదని అమ్మ సంచి సర్దేసింది కూడా.

అన్నకు పొద్దున్నే ఒక ఆలోచన వచ్చింది. "ఆవిడ నిన్ను కెలికి చూస్తుందిరా. ముందు మేమే కెలుకుతాం. అలవాటవుతుంది."

"సరే అన్నయ్యా," అని తమ్ముడు కుర్చీలో కూర్చుని, తరగతిలో నేర్పినట్టు అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మొదటి వంతు అమ్మది. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "నువ్వు చిన్నప్పుడు పాలు సరిగ్గా తాగేవాడివి కాదు," అంది. అని, కళ్ళు తుడుచుకుంది.

"అలాక్కాదమ్మా, ఘాటుగా ఉండాలి," అన్నాడు అన్న.

ఘాటు వదిన దగ్గర ఉంది. "తిన్న కంచం తియ్యవు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తావు. ఏమన్నా అంటే మొహం ముడుచుకుంటావు."

తమ్ముడు నెమ్మదిగా ఊపిరి వదిలాడు. "వదినా, ఆ తువ్వాలు నాది కాదు."

"నీదని ఎవరన్నారు? మీ అన్నది. ఇన్నేళ్ళకి వినేవాళ్ళు దొరికారు, చెప్పనీ."

"ఇది వాడి రిహార్సలా, నా పరువు తియ్యడమా?" అన్నాడు అన్న.

"మీకు పరువుందని ఇప్పుడే వింటున్నా."

తమ్ముడికి నవ్వాగలేదు. అన్న చేతికందిన చెప్పు ఎత్తి అతని మీదికి వెళ్ళాడు. "నవ్వుతావేంరా? నిన్ను మళ్ళీ లోపలికి పంపితేగానీ బుద్ధి రాదు."

గుమ్మంలో కౌన్సిలరు నిలబడి ఉంది.

"చెప్పు కింద పెట్టండి," అంది మెత్తగా.

"ఇది ప్రాక్టీసండీ."

"చెప్పుతోనా?"

"ఈయన్ని కూడా మీ తరగతిలో చేర్చుకోండి మేడం," అంది వదిన.

"నేనేం నేరం చేశానే?"

కౌన్సిలరు మధ్యకు వచ్చి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడమంది. ఇద్దరూ ఒకేసారి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిడ గొంతు కాస్త పెంచాల్సి వచ్చింది. అమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆవిడ వీపు నిమిరింది.

"కోపం వద్దు తల్లీ. పది దాకా లెక్కపెట్టుకో. మావాడికి నువ్వే నేర్పావుగా."

"నాకు కోపం రాలేదండీ."

"రాలేదన్నారంటే వచ్చినట్టే. అదీ మీరే చెప్పారట," అంది వదిన.

"వాడు రోజూ మాకు పాఠం అప్పజెప్తాడు," అన్నాడు అన్న. ఈ ఒక్క విషయంలో భార్యాభర్తలు ఏకమయ్యారు. "భుజాలు కిందికి వదలండి మేడం."

"నా భుజాలు బాగానే ఉన్నాయి."

"దవడ కూడా బిగించారు."

బల్ల మీద చెయ్యి పడింది. గ్లాసు ఎగిరి దొర్లింది. "కోపం రాలేదని చెప్తున్నానా లేదా" అన్న మాట వీధి చివరిదాకా వెళ్ళింది.

అమ్మ సంచి వైపు చూసింది.

తమ్ముడు లేచాడు. "మేడం, కోపం వచ్చినవాళ్ళని కాసేపు బయట నిలబెట్టి, వాదించకుండా తలుపు వేసెయ్యాలి. మీ పాఠమే."

ఆవిడ ఏదో అనబోయింది. తన పాఠమే కనుక అనలేక, కాగితం చంకలో పెట్టుకుని గడప దాటింది. ఒక చెయ్యి మాత్రం ద్వారబంధం మీద ఉండిపోయింది.

తమ్ముడు తలుపు పట్టుకుని ఆగాడు.

"మేడం, వేళ్ళు తియ్యండి."

ఆవిడ తన వేళ్ళకేసి చూసుకుంది, తర్వాత అతనికేసి. తీసింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

కాసేపటికి, అవతలి నుంచి తలుపుకు కాగితం ఆనించి సంతకం పెడుతున్న గీకుడు వినిపించింది. కలం కాస్త గట్టిగానే నొక్కినట్టుంది.