ఎర్ర నాజిల్ సాక్ష్యం

శనివారం పొద్దున్నే గోడ కడిగేసి, పదింటికల్లా లైబ్రరీలో కూర్చోవాలని నాథన్ పథకం. మరో పది రోజుల్లో పరీక్షలు. కానీ సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో జకరాండా చెట్లు విరగబూసి, వీధంతా ఊదారంగులో కలగన్నట్టు ఉంది. అలాంటి ఉదయాన ఏ పథకమైనా నిలబడడం కష్టం, అందులోనూ నాథన్‌ది. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీలోంచి చెట్టును చూశాడంటే ఆ పాల గతి దేవుడికే తెలియాలి.

సుందర్ రాజు, అమృతం దంపతుల ఇంటి వెనక గదిలో అతను అద్దెకు ఉంటున్నాడు. ఇప్పటికే రెండుసార్లు కుళాయి కట్టడం మరిచిపోయి గదిని ముంచేశాడు. ఈసారి సుందర్ రాజు ఖరాకండీగా చెప్పేశాడు.

"చూడబ్బాయ్, ఇవాళ నాలుగింటికి మా పెళ్లయి పాతికేళ్లయినందుకు కృతజ్ఞత కూడిక. చర్చి వాళ్లంతా వస్తారు. ఇంటి ముందు గోడ మీద నాచు కనిపించిందా, నువ్వు వేరే రూమ్ చూసేసుకో. నేను బిర్యానీ ట్రేలు తెచ్చేస్తా."

పరీక్షల ముందు సిడ్నీలో గది వెతుక్కోవడమా!

పక్కింటి కమల్ నీళ్లను జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్ తెచ్చిచ్చాడు. ఆయన ఫిజీ నుంచి వచ్చి స్థిరపడినవాడు, తాతల నాటి తెలుగు ఇంకా కాస్త మిగుల్చుకున్నవాడు. దాని గొట్టం మూతికి తగిలించే అయిదు రంగుల నాజిళ్లు మెట్టు మీద వరుసగా పేర్చాడు.

"లిసన్ బేటా. ఫస్ట్ బ్లాక్, సోప్ కోసం. గోడకి వైట్, నీళ్లు వెడల్పుగా పడతాది. కాంక్రీట్‌కి గ్రీన్. ఎల్లో కేర్‌ఫుల్. రెడ్ మాత్రం డోంట్ టచ్, సూదిలాగ కొడతాది. ఓకే?"

"ఓకే అంకుల్."

నాథన్ ఆ సమయంలో ఒక పువ్వు గిరగిరా తిరుగుతూ రాలడం చూస్తున్నాడు. అది నేల చేరేసరికి కమల్ చెప్పడమూ అయిపోయింది.

సబ్బు సంగతే గుర్తులేక, నేరుగా తెల్ల నాజిల్ పెట్టాడు. నీళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి, చిన్న ఇంద్రధనుస్సు కూడా వచ్చింది, నాచు మాత్రం కదల్లేదు. అప్పుడతనికి నరసాపురంలో నాన్న గుర్తొచ్చాడు. ఆదివారాలు చర్చి వరండా కడిగేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టేవాడు. సందు ఎంత చిన్నదైతే నీటికి అంత జోరు. నాథన్ నాజిళ్లన్నీ ఎండకు పట్టి, అన్నిటికన్నా చిన్న కన్నం ఉన్నది ఎంచుకున్నాడు. అది ఎర్రది.

నాచు పోయింది. నాచుతోపాటు తెల్ల పెయింటూ పోయి, అడుగున ఎప్పటిదో లేతాకుపచ్చ రంగు సన్నటి గీతగా బయటపడింది. బుద్ధున్నవాడు అక్కడితో ఆపేస్తాడు. నాథన్‌కు ఆ గీత ఒంటరిగా ఉన్నట్టు అనిపించి పక్కన ఇంకొకటి గీశాడు. ముఖం మీద తుంపర పడుతోంది. గోదావరి మీద పంటు పడవలో వెళ్తున్నట్టే ఉంది. చెయ్యి దానంతటదే ఊగుతోంది. కమల్ ప్రహరీ మీంచి "నో, నో!" అని అరిచేసరికి గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆకుపచ్చ అలలు లేచి ఉన్నాయి.

ఆ అరుపుకి అమృతం బయటికొచ్చింది. "ఇదెవరు చెయ్యమన్నార్రా అబ్బాయ్?"

"అంకుల్ చెప్పారాంటీ..." గోడ కడగమన్నంత వరకు అది నిజమే.

ఆమె కళ్లు చెమర్చాయి. రౌస్ హిల్‌లో స్నేహితురాలు రంజన ఇంటి డిజైన్ గోడ చూసొచ్చి, అలాంటిది కావాలని రెండేళ్లుగా మొగుణ్ణి అడుగుతోంది. ఆయన వినిపించుకుంటేగా! పాతికేళ్లలో ఒక్క పుట్టినరోజూ గుర్తుపెట్టుకోని మనిషి, ఇవాళ ఇంత పని చేయించాడా?

ట్రేలతో కారు దిగిన సుందర్ రాజుకు ఆమె ఎదురెళ్లింది. "మాటమాత్రం చెప్పకుండా ఎంత సర్‌ప్రైజ్ ఇచ్చారండీ!"

ఆయన గోడను చూశాడు. చేతిలో గొట్టంతో నిలబడ్డ నాథన్‌ను చూశాడు. భార్య మొహం చూశాడు. ఆ మొహంలో అంత సంతోషం చూసి చాలా ఏళ్లయింది పాపం. "ఆఁ... నీ కోసమేలే" అన్నాడు. తర్వాత నాథన్‌ను పక్కకు లాగి చెవిలో చెప్పాడు. "నోరు తెరిచావో, రూమ్ ఖాళీ."

నాలుగింటికి వచ్చినవాళ్లంతా గోడ ముందు ఫొటోలు దిగి లోపలికి వచ్చారు. పాటలయ్యాక అమృతం సాక్ష్యం చెప్పడానికి లేచింది. "నా భర్తలో దేవుడు కొత్త మనసు పుట్టించాడు. ఆ గోడే సాక్షి!"

"స్తోత్రం!" అన్నారంతా.

"రాజు గారూ, ఆ ఆలోచన ఎలా వచ్చిందో మీరూ సాక్ష్యం చెప్పాలి" అన్నారు పాస్టర్ గారు.

సుందర్ రాజు లేచాడు. సాక్ష్యంలో అబద్ధమాడడం ఆయన వల్ల కాదు, నిజం చెప్పడం అంతకన్నా కాదు. దగ్గాడు. నీళ్లు తాగాడు. మళ్లీ దగ్గాడు. చూడలేక నాథన్ లేచి నిలబడ్డాడు. గదీ, కిటికీ, కిటికీలోని చెట్టూ వరసగా కళ్లముందు మెదిలి వెళ్లిపోయాయి.

"అది నా పనే పాస్టర్ గారూ. అంకుల్‌కి అసలేం తెలీదు. రెడ్ నాజిల్ పెట్టి గోడ పాడుచేసేశాను. సారీ ఆంటీ."

ఎవరూ స్తోత్రం అనలేదు. అమృతం అతని దగ్గరికి వచ్చింది.

"నిజం చెప్పావు బాబూ. నీ చదువయ్యేదాకా ఆ గది నీదే. ఎవరు పొమ్మంటారో చూస్తా." తర్వాత మొగుడివైపు తిరిగింది. "మీరు మాత్రం ఇవాళే సామాను సర్దుకోండి."

"ఎక్కడికే?"

"వెనక గదిలోకి."

ఆ విధంగా నాథన్‌కు గది దక్కింది. మంచం సుందర్ రాజుకు దక్కింది.