సైదా సాహెబ్ బస్సుకు సీలు

మనిషి ప్రాణం అమూల్యమైనదన్న సంగతి ఆళ్లగడ్డ ప్రజలకు అధికారికంగా తెలిసింది, శిరివెళ్ల దాటాక మలుపులో ఒక బస్సు బోల్తాపడిన మరునాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రభుత్వం ఇంత దగ్గరలో ఉన్నప్పుడు (గట్టిగా అరిస్తే వినపడుతుందన్న ఆశతో) సభ పెట్టకపోతే బాగుండదని సభ పెట్టారు.

అందులో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడినవాడు సుబ్బయ్య. నల్లరేగడి భూములున్న ఆసామి. పొలం గట్టు తగాదా నంద్యాల కోర్టులో నడుస్తుండడం వల్ల బస్సు ప్రయాణంలో ఆయనకున్న అనుభవం ఇంకొకరికి లేదు.

"ఈ డ్రైవర్లు మనుషుల్ని తోల్తాండారా, బుడ్డల మూటల్ని తోల్తాండారా? గవర్నమెంటు చూస్తా కూచుంటే ఎట్ల?" అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ప్రభుత్వం, తన అలవాటుకు విరుద్ధంగా, విన్నది. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య తిరిగే ప్రతి బస్సుకూ యాక్సిలరేటరు కింద ఒక ఇనుప తునక బిగించి సీసంతో సీలు వేశాడు. గంటకు ముప్పై మైళ్లు దాటితే నేరం. సీలు తెంచితే నేరం. నెమ్మదిగా పోయి టైముకు చేరకపోయినా నేరమే (దాన్ని ఇంకో ఆఫీసు చూసుకుంటుంది).

ఈ సీలును చూసి సంతోషపడిన ఏకైక ప్రాణి డ్రైవరు సైదా సాహెబ్. బేగా పొమ్మని యజమాని, టైమైందని జనం, నిలపమని రోడ్డు పక్కన చేతులెత్తేవాళ్లు, ఇన్నాళ్లూ అందరూ ఆయన్నే అన్నారు.

"ఇంక నన్ను ఎవురూ ఏమనరు. అడిగితే సీలు చూపిస్తా," అన్నాడు భార్య హుస్సేన్‌బీతో.

"సీలు యాడనో కాళ్లకాడ ఉంటాది. జనానికి కనపడేది నువ్వు," అంది ఆమె.

మొదటి వారంలోనే సుబ్బయ్య డ్రైవరు వెనక సీట్లో కూచుని గొంతు సవరించుకున్నాడు.

"ఏందప్పా, బస్సు తోల్తాండావా, ఎద్దుల్ని మేపుతాండావా?"

"సీలు ఉందన్నా. ఆపైన పోదు."

"నాకు వాయిదా ఉందప్పా."

"మీరు అడిగినందుకే గదన్నా ఏసినారు?"

"నేను అడిగింది బేగా పోయేటోళ్లకు ఏయమని. అర్జెంటు పని ఉన్నోళ్లకు గాదు."

బస్సులో ఉన్న అందరికీ ఆ రోజు అర్జెంటు పనే ఉన్నట్టు తేలింది.

అదే దారిలో పౌలు తోలే బస్సు ఇంకొకటి ఉండేది. దానికీ సీలు పడింది. అది ఎండకు కరిగిపోయిందని దాని యజమాని ఆఫీసులో చెప్పుకున్నాడు (ఆ ఏడు ఎండలు నిజంగానే ఎక్కువ). ఇన్‌స్పెక్టరు విచారం వెలిబుచ్చాడు. జనం ఆ బస్సుకు ఎగబడ్డారు. ప్రాణరక్షణ సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి లోపల చోటు దొరక్క టాపు మీద కూచుని పోయాడు.

ఒక మధ్యాహ్నం పౌలు బస్సు మలుపులో చింతచెట్టును గుద్దుకుంది. పౌలు చిన్న గీతలతో బయటపడ్డాడు. సుబ్బయ్య కాలు విరిగింది. పద్మమ్మ అనే ఆవిడకు తల పగిలి స్పృహ తప్పింది. వెనకనే, ముప్పై మైళ్లకు లోబడి, సైదా సాహెబ్ వచ్చాడు. దెబ్బలు తగిలినవాళ్లందర్నీ ఎక్కించుకుని బస్సును నంద్యాల ఆసుపత్రి వైపు తిప్పాడు.

పద్మమ్మ తలకు చుట్టిన తువ్వాలు చూస్తుండగానే ఎర్రబడింది. ఆమె చెల్లెలు డ్రైవరు భుజం పట్టుకుని, "అన్నా, ఊపిరి సన్నగా వస్తాండాది," అంది.

"తోలప్పా, తోలు," అని మూలిగాడు సుబ్బయ్య.

సైదా సాహెబ్ కాలికింద ఉన్నంతా తొక్కాడు. బస్సు ప్రభుత్వం చెప్పినంతే పోయింది. వెనక్కి తిరిగి పద్మమ్మ ముఖం చూశాడు. బస్సు ఆపి, జాకీ కడ్డీ తీసి, ఒక్క పోటుతో సీలు తెంచి ఇనుప తునక ఊడదీశాడు. ఆపైన బస్సు ఎంత వేగంతో పోయిందో ఆయన చూసుకోలేదు.

ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

తర్వాత విచారణ జరిగింది. పౌలు బస్సు ముందుభాగం నుజ్జయినందున సీలు ఉన్నదీ లేనిదీ తేలలేదు. అందువల్ల తప్పూ తేలలేదు. సైదా సాహెబ్ బస్సు మాత్రం చక్కగా ఉంది. తెగిన సీలు స్పష్టంగా కనపడింది. సాక్షి కావాలన్నారు. సుబ్బయ్య చంకకర్రలతో వచ్చాడు.

"బేగా పోయినాడా?"

"పోయినాడు సార్. కుదుపులకు నా ప్రాణం పోయినంత పనైంది. అబద్ధం ఎట్ల చెప్తా?"

పద్మమ్మ తనంతట తానే లేచింది. "ఆయప్ప తోలబట్టే బతికినాను సార్."

"అప్పుడు మీకు స్పృహ ఉందా?"

"లేదు సార్."

స్పృహ లేనివారి సాక్ష్యం చెల్లదని రాసుకున్నారు. సైదా సాహెబ్ లైసెన్సు ఆరు నెలలు రద్దయింది. బయటికొచ్చాక పద్మమ్మ ఆయన ఎదుట నిలబడి చేతులు జోడించింది. ఆయన తల ఊపి, ఇంటికి నడుచుకుంటూ పోయాడు.

ఆ సంవత్సరం నంద్యాల–ఆళ్లగడ్డ రోడ్డు మీద అతివేగానికి శిక్షపడిన డ్రైవరు ఒక్కరే. వేగ నియంత్రణ ఇంత చక్కగా ఫలించినందుకు బ్రేకు ఇన్‌స్పెక్టరుకు కర్నూలు నుంచి అభినందనలు వచ్చాయి.