చెవులమ్మ బడికి మొదటి ర్యాంకు

ఒక పెద్ద అడవిలో ప్రతిదానికీ ఓ కమిటీ ఉండేది. చిన్నపిల్లల బడికి మాత్రం ఓ కుందేలు టీచరమ్మే దిక్కు. పేరు చెవులమ్మ. పలకా లేదు, బలపమూ లేదు. పొద్దున్నుంచీ దాగుడుమూతలు, పరుగుపందేలు, వాసన పట్టి ఎవరొస్తున్నారో చెప్పే ఆట. సాయంత్రానికి జింకపిల్లలూ ఉడుతపిల్లలూ ఒళ్లంతా మట్టి కొట్టుకుని ఇంటికెళ్లేవి.

ఇదేం చదువని తల్లులు గొణిగారు. అడవి పెద్ద ఏనుగయ్యకీ అనుమానం వచ్చింది. బడి నాణ్యత తేల్చాల్సిందే అన్నాడు. చిన్నపిల్లల సంగతి బాగా తెలిసినవాళ్లెవరని సభలో అడిగితే నక్క చెయ్యెత్తింది. చిన్నపిల్లలంటే తనకు ప్రాణమంది. అది నిజమే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

నక్క తనిఖీకి బయలుదేరింది. ఇంకా వాగు దాటనేలేదు, గాలిలో దాని వాసన తగలగానే పిల్లలన్నీ మాయం. ఒక్క తోక కూడా కనబడలేదు. చెవులమ్మ సంతోషం అంతా ఇంతా కాదు, నేర్పిందంతా వచ్చేసింది కదా మరి. నక్క మాత్రం హాజరు సున్నా, నాణ్యత సున్నా అని తేల్చేసింది.

ఏనుగయ్య చెవులమ్మను పిలిపించి చీవాట్లు పెట్టాడు. పక్క లోయలో తాబేలు మాస్టారి బడిని చూసి నేర్చుకోమన్నాడు. అక్కడ నక్క వచ్చినా పిల్లలు చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంటాయట. మాస్టారు తల లోపలికి లాక్కుని సహకరిస్తాడట. తనిఖీ తనిఖీకీ పిల్లల సంఖ్య తగ్గుతోంది గనక, మిగిలినవాటి మీద శ్రద్ధ పెరుగుతోందట. వచ్చే తనిఖీకి ఇక్కడా అలాగే ఉండాలి, అందరికీ ఒకేలాంటి ఆకుల చొక్కాలు కూడా ఉండాలి. లేదంటే ఈ బడి ఎత్తేసి పిల్లలను ఆ లోయకు పంపించేస్తానన్నాడు.

చెవులమ్మకు ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. అక్కడికి పంపితే ఒక్క పిల్ల కూడా మిగలదు. మనసు చంపుకుని, అందరినీ కూర్చోబెట్టి చేతులు కట్టించింది.

"టీచర్, నక్క పక్కకొచ్చినా లేవకూడదా?" అని అడిగింది ఓ జింకపిల్ల.

చెవులమ్మ కట్టించిన చేతులన్నీ విప్పించింది. పిల్లలను ఇళ్లకు పంపేసి, తిన్నగా ముళ్లపంది ఇంటికి వెళ్లింది. తనిఖీ రోజున మీ పిల్లలనూ, మీ చుట్టాల పిల్లలనూ బడికి పంపుతారా, వచ్చేది మాత్రం నక్క అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పంపుతాను టీచరమ్మా," అంది తల్లి తాపీగా. "మీద చెయ్యేస్తే ఏం చెయ్యాలో మావాళ్లకి పాలు మరవకముందే వచ్చు."

తనిఖీ రోజు వచ్చింది. బడి గుహలో ముళ్లపంది పిల్లలన్నీ ముళ్లు కనబడకుండా ఆకుల చొక్కాలు తొడుక్కుని, చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాయి. ఏనుగయ్య గుహలో పట్టడు కాబట్టి బయట నిలబడ్డాడు. నక్క తొంగిచూసి, నాణ్యతంటే ఇదీ అని మురిసిపోయింది. ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించాలంటూ చెవులమ్మను బయటికి పంపేసింది.

లోపలి నుంచి ఓ కేక వినబడింది. అది పిల్లలది కాదు. కాసేపటికి నక్క ముందు పాదం నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లతో బయటికొచ్చింది.

"ఏమయ్యా, ఎలా ఉంది నాణ్యత?" అన్నాడు ఏనుగయ్య.

నక్క ఉలకలేదు, పలకలేదు. పాదం తీస్తే మూతినిండా ముళ్లు కనబడతాయి. అక్కడికెలా వచ్చాయో చెప్పాల్సొస్తుంది.

"చూశారా, నోటి మీద వేలు," అన్నాడు ఏనుగయ్య పొంగిపోతూ. "తనిఖీకి వెళ్లినవాడికే ఇంత క్రమశిక్షణ వచ్చిందంటే, ఇక పిల్లలకెంత వచ్చి ఉంటుందో."

అలా చెవులమ్మ బడికి మొదటి ర్యాంకు వచ్చింది.

నీతి: పిల్లలకు ఏం వచ్చిందో తెలియాలంటే, తనిఖీకొచ్చినవాడికి ఎక్కడ గుచ్చుకుందో చూడాలి.